మైకు ఇచ్చారు, మెట్లు ఎక్కనివ్వలేదు

2023 జనవరిలో బ్రిటన్‌లో ఫార్ములా వన్ రేసుల రేడియో రిపోర్టర్ జెన్నీ గో అభిమానులకు ఒక చిన్న సందేశం పెట్టారు. రెండు వారాల క్రితం తీవ్రమైన స్ట్రోక్ వచ్చిందని, మాట బాగా దెబ్బతిన్నదని, ఈ నాలుగు ముక్కలు కూడా భర్త సాయంతోనే టైపు చేయగలుగుతున్నానని అందులో ఉంది. అప్పటికి ఆమె వయసు 45. విపరీతంగా వచ్చిన దగ్గుకు మెడలోని ధమని దెబ్బతిన్నదట. దగ్గు! గొంతుతో బతికే మనిషి మీద గొంతే పగబట్టినట్టు.

బీబీసీ రేడియో 5 లైవ్‌లో ఫార్ములా వన్ వినే అలవాటున్నవారికి ఆమెను పరిచయం చేయనక్కర్లేదు. 2010లో బీబీసీ టెలివిజన్‌లో మోటో జీపీ అనే మోటార్ సైకిల్ రేసుల ప్రసారాలకు ఒక సీజన్ సారథ్యం, 2012 నుంచి 5 లైవ్‌కు పిట్ లేన్ (రేసు మధ్యలో కార్లు టైర్లు మార్చుకోవడానికి ఆగే చోటు) రిపోర్టర్ ఉద్యోగం, ఐటీవీ చానల్‌లో ఫార్ములా ఈ అనే విద్యుత్తు కార్ల రేసుల తొలి సీజన్, 'చెకర్డ్ ఫ్లాగ్' పాడ్‌కాస్ట్, మధ్యలో నెట్‌ఫ్లిక్స్ సిరీస్. అంత పరుగు ఒక్క దగ్గుతో ఆగిపోయింది. మళ్లీ 2023 జూలైలో, సిల్వర్‌స్టోన్‌లో బ్రిటిష్ గ్రాండ్ ప్రి నాటికి ఆమె తిరిగి వచ్చారు. మాట ఇంకా పూర్తిగా తన అదుపులోకి రాలేదన్న సంగతి ఆమె దాచలేదు.

పత్రికలు దీన్ని మనోధైర్యం కథగా రాశాయి. రాయవలసిందే. నాకు మాత్రం ఆ కథలో ఒక పాత తాళానికి చెవి దొరికింది. మోటార్ రేసును రేడియోలో వ్యాఖ్యానించడానికి ఆడవాళ్లు పనికిరారనడానికి ఇన్నేళ్లుగా చూపుతున్న సాకు గొంతు. సన్నగా ఉంటుందట. ఉద్వేగం వస్తే కీచుమంటుందట. ఇంజను మోతలో కలిసిపోతుందట. మరి తడబడవచ్చునని ముందే తెలిసిన ఒక గొంతును బీబీసీ మళ్లీ మైకు ముందుకు ఎందుకు పిలిచింది? ఆ గొంతు వెనుక పదేళ్ల జ్ఞాపకాలు, పరిచయాలు, గాలి వాసన పట్టి సంగతి చెప్పగల ముక్కు ఉన్నాయి కాబట్టి. విషయం తెలిసిన మనిషికి గొంతు ఒక అడ్డే కానప్పుడు, మిగిలిన ఆడవాళ్లకు ఇన్నాళ్లూ అడ్డు నిలిచింది ఏమిటి?

5 లైవ్ జాబితానే చూడండి. పిట్ లేన్‌లో 2010 దాకా హోలీ సామోస్, 2011లో నటాలీ పింకమ్, ఆమె స్కై టీవీకి వెళ్లాక జెన్నీ గో. అదే కాలంలో పైన కామెంటరీ బాక్స్‌లో డేవిడ్ క్రాఫ్ట్, ఆయన కూడా స్కైకి వెళ్లాక జేమ్స్ అలెన్, ఆపై జాక్ నికోల్స్, తరువాత హ్యారీ బెంజమిన్. కింది చోటు స్త్రీ నుంచి స్త్రీకి, పై కుర్చీ పురుషుడి నుంచి పురుషుడికి. మన పల్లెల్లో మేనరికాలు కూడా ఇంత పద్ధతిగా జరగవు.

ఇది యాదృచ్ఛికం అనుకునేవారి కోసం ఇంకాస్త వెనక్కి వెళ్దాం. 1997లో బ్రిటన్‌లో ఫార్ములా వన్ ప్రసార హక్కులు ఐటీవీ చేతికి వచ్చాయి. పిట్ లేన్‌లో ఇద్దరు రిపోర్టర్లను పెట్టారు. ఒకరు జేమ్స్ అలెన్, మరొకరు లూయీజ్ గుడ్‌మన్. ఆమె అంతకు ముందు జోర్డాన్ అనే ఫార్ములా వన్ జట్టులో పత్రికా వ్యవహారాలు చూసిన మనిషి, అంటే గ్యారేజీ తలుపు వెనుక ఏం జరుగుతుందో లోపల ఉండి చూసినామె. ఇద్దరూ ఒకే సీజన్‌లో ఒకే పనితో మొదలయ్యారు. 2001లో మహావ్యాఖ్యాత ముర్రే వాకర్ విరమించారు. ఆయన కుర్చీ ఖాళీ అయింది. అలెన్ మెట్లు ఎక్కి పైకి వెళ్లారు. అలెన్ వదిలిన చోటుకు టెడ్ క్రావిట్జ్ వచ్చారు. గుడ్‌మన్? 2008 చివర ఐటీవీ హక్కులు వదులుకునే దాకా, అదే పిట్ లేన్‌లో.

అలెన్ అసమర్థుడని నేను అనడం లేదు. ఆయన మంచి పాత్రికేయుడు. ఆ పని ఆయనకు ఒక మెట్టు అయింది, ఆమెకు అదే గమ్యం అయింది. పక్కపక్కనే నిలబడిన ఇద్దరిలో ఒకరికి మెట్లు కనిపించడం, ఇంకొకరికి గోడ కనిపించడం నా దృష్టిలో చిన్న విషయం కాదు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పిట్ లేన్ పని చిన్నదని, బాక్స్ పని పెద్దదని వాళ్లూ ఒప్పేసుకుని, ఆడవాళ్లను పైకి పంపమని అడుగుతారు. రేడియో సంగతికి వస్తే లెక్క తలకిందులు. అయిదారు కిలోమీటర్ల ట్రాక్ మీద ఇరవై, ఇరవై రెండు కార్లు తిరుగుతుంటే బాక్స్‌లో కూర్చున్నవారికి కిటికీలోంచి కనిపించేది ఒక ముక్క మాత్రమే. మిగతాదంతా తెర మీద చూసి చెప్పవలసిందే. టెలివిజన్ పెట్టుకుని ఇంట్లో కూర్చున్న మీకూ దాదాపు అదే బొమ్మ. పక్కన ల్యాప్ సమయాల పట్టిక ఒకటి అదనం. మోటార్ రేసు వ్యాఖ్యాత గొప్పతనమంతా అందరూ చూస్తున్న బొమ్మకు మాటలు తొడగడంలో ఉంది. అది విద్యే, కాదనను. అయితే కెమెరా చూడని దాన్ని కళ్లారా చూసి చెప్పే మనిషి ఆ బృందంలో పిట్ లేన్ రిపోర్టరే.

మెకానిక్కులు కొత్త టైర్లతో బయటికి వచ్చి, క్షణం ఆగి, మళ్లీ లోపలికి వెళ్లారు. ఎదుటి జట్టును మోసం చేయడానికా, నిజంగా మనసు మార్చుకున్నారా? ఊడదీసిన టైరు అంచు ఎలా ఉంది? గోడ దగ్గర కూర్చున్న ఇంజనీర్లలో ఎవరు లేచి ఎవరి చెవిలో మాట్లాడారు? వాన మొదలైందని రాడార్ చెప్పక ముందే అరచేతి మీద పడిన చినుకు ఎవరిది? తెర మీద బొమ్మ లేని శ్రోతకు ఈ చిన్న వివరాలే రేసు. ఆ మోతలో, చెవులు మూసే హెడ్‌సెట్ పెట్టుకుని, ఒక చెవిలో ప్రొడ్యూసర్, ఇంకో చెవిలో పైన మాట్లాడుతున్న వ్యాఖ్యాత, ఎదురుగా దూసుకొచ్చే కారు. పైవాడు ఊపిరి తీసుకునే ఆ అరక్షణంలో దూరి, మూడు వాక్యాల్లో చెప్పి, తప్పుకోవాలి. తరువాత అసలు పరీక్ష. ఓడిపోయి, చెమటతో, ఒళ్లు మండుతూ వచ్చే డ్రైవర్లను కంచె అవతల నిలబెట్టి మాట్లాడించడం. అప్పటికే నాలుగు మైకుల ముందు ఒకే జవాబు చెప్పి వచ్చిన మనిషి నోట అయిదో మైకుకు కొత్త మాట రాబట్టాలి. జెన్నీ గో పదేళ్లు చేసింది ఈ పని.

గ్రామఫోను రోజుల నుంచి వస్తున్న గొంతు వాదాన్ని కూడా ఒకసారి విప్పి చూద్దాం, ఎందుకంటే దాన్ని నమ్మేవాళ్లలో మంచివాళ్లూ ఉన్నారు. 1933లో బీబీసీ జాతీయ ప్రసారంలో షీలా బోరెట్ అనే ఆమెను అనౌన్సర్‌గా పెట్టింది. వేల సంఖ్యలో ఫిర్యాదు ఉత్తరాలు వచ్చాయి. మూడు నెలలు తిరిగేసరికి ఆమెను ఆ పని నుంచి తప్పించారు. ఆ ఉత్తరాలు రాసినవారు ఆమె గొంతును నిజంగా విన్నారా అంటే, పూర్తిగా వినలేదనే చెప్పాలి. ఆనాటి మీడియం వేవ్‌లో ఒక్కో స్టేషన్‌కు దక్కే జాగా ఇరుకు. ఇరుకులో సర్దడానికి పై స్వరాలను కత్తిరించేవారు. మాటను స్పష్టం చేసే స, శ, ష వంటి హల్లుల శక్తి పై స్వరాల్లోనే ఉంటుంది, ఆడవారి గొంతులో అది ఇంకా పైన ఉంటుంది. మగ గొంతుకు సరిపోయేలా అంగీ కుట్టి, ఆడ గొంతుకు తొడిగి, మనిషికే ఒడ్డూ పొడుగూ సరిగా లేవన్నారు. పరికరాలు మారి దశాబ్దాలు గడిచాయి. ఎఫ్ఎం వచ్చింది, డిజిటల్ వచ్చింది. ఆ ముద్ర మాత్రం పోలేదు.

పైగా మోత ఎక్కువ ఉన్న చోట ఏ గొంతు నయమో తేల్చుకోవలసి వచ్చినవాళ్లు ఏం చేశారో చూడండి. అమెరికా వైమానిక దళం బి-58 బాంబర్‌లో ప్రమాద హెచ్చరికలను రికార్డు చేసిన గొంతుతో వినిపించే ఏర్పాటు చేసింది. ఎవరి గొంతు? జోన్ ఎల్మ్స్ అనే నటిది. చుట్టూ మగ గొంతులే వినిపించే రేడియోలో ఒక స్త్రీ గొంతు పలికితే పైలట్ చెవి వెంటనే అటు తిరుగుతుందని. ప్రాణం మీదికి వచ్చినప్పుడు వాళ్లకు సన్న గొంతు కావలసి వచ్చింది. అంత దూరం ఎందుకు, ఫార్ములా వన్‌లోనే 2025 నుంచి హాస్ జట్టులో డ్రైవర్ ఎస్తెబాన్ ఒకాన్‌కు రేస్ ఇంజనీర్ లారా ముల్లర్. గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగంలో, హెల్మెట్ లోపల, ఇంజనుకు మూరెడు దూరంలో కూర్చుని, ఎప్పుడు బ్రేకు నొక్కాలో ఎప్పుడు లోపలికి రావాలో అతడు వినేది ఆమె గొంతులోనే. ఒకాన్‌కు ఆ గొంతులో మాట అర్థమవుతుంది. సోఫాలో టీ తాగుతున్న శ్రోతకు మాత్రం అర్థం కాదట!

అవతలివాళ్లు చెప్పే మాట కూడా విందాం. వ్యాఖ్యాతలు గాలిలోంచి ఊడిపడరు, చిన్న రేసుల్లో ఏళ్ల తరబడి గొంతు అరగదీసుకుని పైకి వస్తారు, ఆ దారిలో అడుగుపెట్టిన ఆడవాళ్లే తక్కువ, కాబట్టి కాలమే సరిచేస్తుంది అంటారు. కొంత నిజం ఉంది. ఇప్పుడు చిన్న సిరీస్‌లలో కొత్త గొంతులు వినిపిస్తున్న మాటా నిజమే. కానీ దారి లేదన్న చోట దారి ఎలా పుడుతుందో అలెన్ ఉదంతం చూపించింది. ఆయన పిట్ లేన్ నుంచే పైకి వెళ్లారు. డేవిడ్ క్రాఫ్ట్ ఒక పక్క డార్ట్స్ ఆటకు కూడా వ్యాఖ్యానం చెప్పారు. బల్లెం ముక్క బోర్డుకు గుచ్చుకోవడానికీ, మొనాకో మలుపులకీ ఉన్న చుట్టరికం నాకు తెలియదు. మగవాడి విషయంలో ఆ అనుభవం బహుముఖ ప్రజ్ఞ అవుతుంది. ఆడమనిషి మోటో జీపీ నుంచి ఫార్ములా వన్‌కు వస్తే, ఎక్కడా కుదురుగా లేదు అవుతుంది.

కాలం తనంతట తాను ఏదీ సరిచేయదని చెప్పడానికి అమెరికాలోని ప్రసిద్ధ రేసు ట్రాక్ ఇండియానాపొలిస్ చాలు. 1950లలో డెనీస్ మెక్లగేజ్ అనే పాత్రికేయురాలిని అక్కడ గ్యారేజీల్లోకి, ప్రెస్ బాక్స్‌లోకి రానివ్వలేదు. ఆమె రాసేదే కాదు, స్వయంగా రేసులు నడిపేది. 1961లో సెబ్రింగ్ రేసులో జీటీ కార్ల తరగతి గెలిచింది కూడా. కారు నడపడం తెలిసిన మనిషికి కారు ఆగే చోట నిలబడే హక్కు లేదు. ఆ నిషేధం వ్యవహారం కోర్టుకు చేరాక, 1971లో గానీ సడలలేదు. మరుసటి ఏడే బెట్టీ కాడూ ఇండియానాపొలిస్ రేడియో నెట్‌వర్క్‌లో చేరింది. నిషేధం పోయిన ఏడాదికే మనిషి దొరికింది చూశారా! తగినవారు లేరన్న మాట అప్పుడు ఏమైంది? ఇంకో ముచ్చట, ముర్రే వాకర్ చివరి రేసు 2001 సెప్టెంబరులో జరిగింది ఈ ఇండియానాపొలిస్‌లోనే. ఆడవాళ్లను పిట్స్‌లోకి రానిచ్చిన ముప్పై ఏళ్లకు, అదే గడ్డ మీద, ఒక కుర్చీ మళ్లీ ఒక మగవాడి చేతికి మారింది.

ఇదంతా ఇంగ్లండు, అమెరికా గొడవ, మనకెందుకు అనుకునేవారికి ఒక మాట. ఈ విషయంలో మనం వాళ్లకంటే ముందున్నాం. ఉండి, వెనక్కి నడిచాం. నా అసలు బాధ అది.

బీబీసీ రేడియో 4లో మొదటిసారి ఒక స్త్రీ, షీలా ట్రేసీ, వార్తలు చదివింది 1974లో. అంతకు చాలా ముందే, 1960లలోనే, ఢిల్లీ నుంచి జోలెపాళెం మంగమ్మ గారు తెలుగులో వార్తలు చదివారు. యుద్ధాలు, ఎన్నికలు, ధరలు, మరణాలు స్త్రీ గొంతులో విని మన తాతలు రేడియో కట్టేయలేదు. క్రికెట్‌లోనూ అంతే. భారత తొలి టెస్టు కెప్టెన్ సి.కె. నాయుడు, నాగపూర్‌లో పుట్టిన మన తెలుగు వంశీకుడు. ఆయన కుమార్తె చంద్ర నాయుడు 1977లో ఇండోర్‌లో బొంబాయి, ఇంగ్లండు నుంచి వచ్చిన ఎంసీసీ జట్ల మధ్య ఆటకు వ్యాఖ్యానం చెప్పారు. వృత్తికి ఆమె కళాశాల ఆచార్యురాలు. మన దేశంలో తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాత ఆమే. క్రికెట్ పుట్టిన దేశపు ప్రసిద్ధ రేడియో కార్యక్రమం 'టెస్ట్ మ్యాచ్ స్పెషల్'లో ఒక స్త్రీ, డోనా సైమండ్స్, వ్యాఖ్యానం చెప్పడానికి 1998 దాకా పట్టింది. ఇరవై ఒక్క ఏళ్ల తేడా! ఇంత ఆస్తి ఉన్నవాళ్లం మనం. ఏం చేసుకున్నాం దాన్ని?

ఇవాళ తెలుగు క్రీడా ప్రసారాల్లో ఆడవాళ్లు లేరా అంటే ఉన్నారు, బాగానే ఉన్నారు. ఎక్కువ మంది ఎక్కడ? స్టూడియోలో యాంకర్లుగా. ప్రశ్న వాళ్లది, జవాబు పక్కన కూర్చున్న మాజీ ఆటగాడిది. బంతి పడే క్షణాన మైకు మగవాడిది, ప్రకటనల విరామానికి ముందు చిరునవ్వు ఆమెది. వార్తా చానళ్ల రాత్రి చర్చలు చూడండి. అడిగే మనిషి స్త్రీ కావచ్చు, తేల్చి చెప్పే నలుగురూ మగవాళ్లు. రేడియో అక్కయ్యగా న్యాయపతి కామేశ్వరి గారిని తలకెత్తుకున్న జాతి మనది. అక్కయ్యను అక్కయ్యగా ఉంచడం మనకు బాగా చేతనయింది. ఏది జరుగుతోందో చదివి వినిపించే గొంతు ఆడదైతే మనకు అభ్యంతరం లేదు. దాని అర్థమేమిటో తీర్పు చెప్పే గొంతు దగ్గరికి వచ్చేసరికి మనకు హఠాత్తుగా శబ్దశాస్త్రం గుర్తొస్తుంది.

స్థానిక సంస్థల్లో సగం పదవులు మహిళలకు రిజర్వు చేసుకున్నాం. గ్రామసభలో సర్పంచ్ అమ్మ పక్కన ఆమె భర్త నిలబడి మైకు అందుకునే దృశ్యం చూడని తెలుగువాడు ఉన్నాడా? సంతకం ఆమెది, మాట ఆయనది. అడిగితే ఆమెకు మాట్లాడటం అలవాటు లేదంటారు. అలవాటు ఎలా అవుతుంది, మైకు ఆయన చేతిలో ఉంటే? గుడ్‌మన్ పన్నెండు సీజన్లు పిట్ లేన్‌లో నిలబడ్డప్పుడు పైన ఆమెకు అలవాటు లేదనే అని ఉంటారు, సందేహం లేదు. ఈ రెండు కథలకూ భాష వేరు, దేశం వేరు. మైకు పట్టుకున్న చెయ్యి మాత్రం ఒకటే.

విజయవాడ స్టేషన్‌లో రద్దీ వేళ నిలబడి చూడండి. పది ప్లాట్‌ఫారాల హోరు, కూలీల కేకలు, ఇంజన్ల మోత, సమోసాల అరుపులు. అందులోంచి 'దయచేసి వినండి' అని ఒక స్త్రీ గొంతు వస్తుంది. అంత గోలలోనూ మూటలెత్తుకుని జనం సరిగ్గా ఆమె చెప్పిన ప్లాట్‌ఫారానికే పరుగెడతారు. ఆమె గొంతు వినిపించలేదని ఇంతవరకు ఎవరూ రైలు పోగొట్టుకోలేదు. రైలు మన కొంప ముంచే విషయం, కాబట్టి వింటాం. ఆట దగ్గర మనకు తీరిక ఉంది, కాబట్టి వంకలు పెడతాం.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది, మన దేశంలో ఆ పోటీ జరగడం అదే మొదటిసారి. ఆ పోటీ తొలి సీజన్‌ను బ్రిటిష్ ప్రేక్షకులకు పరిచయం చేసిన జెన్నీ గో, ఆ వారాల్లో తన ఇంట్లో మాటలను ఒక్కొక్కటిగా తిరిగి కూడదీసుకుంటున్నారు. ఆనాడు నేను కంచె పక్కన జనంలో ఉన్నాను. విద్యుత్తు కార్లు కదా, గుండెలదిరే గర్జన లేదు. సన్నగా, పైస్థాయిలో, ఈల వేసినట్టు ఒక మోత. నా పక్కనున్న కుర్రాళ్లు మొదట్లో నొసలు చిట్లించారు. ఇది రేసు మోతలా లేదు, మిక్సీ మోతలా ఉందన్నారొకరు. నవ్వులు. చివరి ల్యాప్‌లకు వచ్చేసరికి ముందున్న జాన్ ఎరిక్ వెర్న్ కారులో విద్యుత్తు అడుగంటుతోంది, వెనుక నిక్ కాసిడీ తరుముకొస్తున్నాడు. కుర్రాళ్లు కంచెకు ఛాతీ ఆనించి, మెడలు సాచి, ఆ సన్నటి మోత ఏ మలుపు నుంచి వస్తోందో చెవులతోనే వెతుకుతున్నారు.